మూయబడిన త్రోవ



దూర ప్రయాణమునకు ముందు మనము త్రోవ విచారించుకొని, చద్దిమూట కట్టుకొందుము. పౌలును అట్లే ఆలోచించి బయలుదేరెను (అపొ. కార్యములు 16). లుస్త్రలో తిమోతిని వెంటబెట్టుకొనెను. ఆసియలో బోధించుటకు ఆత్మ సెలవియ్యలేదు. బితూనియకు పోజూడగా ఆ త్రోవయు మూయబడెను.

అయినను వారు సణుగుచు ఇంటికి మరలలేదు. నడిచి నడిచి, నేటి టర్కీ తీరముననున్న త్రోయ రేవు చేరిరి. ఎదుట సముద్రము! ఆ రాత్రియే మాసిదోనియనుండి పిలుపు వచ్చెను. ఓడ ఎక్కి, సమొత్రాకే మీదుగా రెండవ దినమున నెయపొలి చేరిరి. అది నేడు గ్రీసు దేశములోని కవాలా. మరియొకప్పుడు ఫిలిప్పీనుండి త్రోయకు మరలి వచ్చుటకు అయిదు దినములు పట్టెను (20:6). గాలి మన చేతిలో లేదు.

ఫిలిప్పీలో లూదియ హృదయము తెరువబడెను. బెత్తపు దెబ్బలును చెరసాలయు అచ్చటనే కలిగెను. దేవుడు చూపిన త్రోవలోను శ్రమ యుండును.

సహోదరులారా, కుమారుని ఉద్యోగమో, కుమార్తె వివాహమో, మీరనుకొనిన త్రోవ మూతపడినదా? ఏర్పాట్లు చేసికొనుట పాపము కాదు. వాటిని ప్రభువు మార్చునప్పుడు ఎదిరింపకుడి. దేవుడు మిమ్మును విడిచెనని తలంపక, త్రోయవరకు నడువుడి. ఆమేన్.