అటక దులుపబోవు చిరంజీవికి



నీ జాబు చేరినది. మన పెంకుటింటి అటకమీద ఉడుతలు కాపురము పెట్టి, పాత పరుపులలోని దూదిని పెరికి, విద్యుత్తు తీగల తొడుగులను కొరికివేయుచున్నవనియు, సంక్రాంతికి బంధువులు దిగులోపల విషపు గుళికలు చల్లించి, మిగిలిన చెత్తనంతటిని భోగిమంటకు అప్పగింపదలచితివనియు వ్రాసితివి. ఇల్లు చక్కబెట్టవలెనను నీ సంకల్పము నాకు మిక్కిలి సంతోషము కలిగించినది. నీవెన్నుకొన్న త్రోవ మాత్రము సమ్మతము కాలేదు.

ఉడుత ముందుపండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును గనుక, ఏదో యొకటి కొరికి వానిని అరగదీసికొననిదే దానికి బ్రతుకు లేదు. అయినను అది చేయునది చేటు కాదని నేననను. తొడుగూడిన తీగవలన ఎండిన వాసములకు నిప్పంటుకొనగలదు. అందుచేత అటక ఎక్కుటకు ముందే మెయిన్ స్విచ్చి ఆపివేసి, పనితెలిసినవాడు తీగలన్నియు పరీక్షించిన పిమ్మటనే దీపములు వెలిగింపుము. ఈ విషయమున జాగు వలదు. ఉడుతలను వెడలగొట్టు విషయమున మాత్రము జాగు చేయుమని నా కోరిక.

ముందుగా అక్కడనున్నది ఉడుతయేనా యని తేల్చుకొనుము. ఉడుత పగటి జీవి. అర్ధరాత్రి అలికిడియైనచో అది ఎలుకయై యుండును. పీచు, పేలికలు, దూది చేర్చి అల్లిన గూడు కనబడినచో దానిలో చేయి పెట్టకుము. కాన్పునకు సాధారణముగా రెండు మూడు పిల్లలుండును. పుట్టునప్పుడు వెండ్రుకలును చూపును లేని ఆ కూనలు ఇంచుమించు రెండు నెలలు తల్లినే నమ్ముకొని యుండును. తల్లి మేతకు పోయిన వేళ కన్నము మూసితివేని అవి లోపల ఆకలికి మాడి చచ్చును. విషము తిన్న తల్లి ఏ వాసాల సందుననో పడి క్రుళ్లును. శ్రీరాముడు ఉడుత వీపు నిమిరి చారలు కలిగించిన కథ వాల్మీకమున లేకున్నను మన రంగనాథ రామాయణమున నున్నది, నాకది ప్రీతిపాత్రము. కాని నేను వేడుకొనుట ఆ చారలను చూచి కాదు. చారలు లేని జంతువైనను, పాలు త్రాగు పిల్లలున్నచో ఈ మాటయే చెప్పియుందును.

పిల్లలు వెలికివచ్చి తిరుగువరకు ఓపికపట్టుము. సంక్రాంతి దాటిన దాటనిమ్ము, చుట్టములకు చావడి చాలును. ఆ పిమ్మట చూరుక్రింది కన్నమున ఎండుటాకులు వదులుగా క్రుక్కి రెండు మూడు దినములు చూడుము. అవి కదలకున్నచో లోపల ప్రాణి లేదని తెలిసికొని, పగటిపూట ఇనుపవల బిగించి సిమెంటుతో మెత్తించుము. పెంకులమీదికి వ్రాలిన మామిడికొమ్మను కొట్టింపనిచో ఉడుతలు మరల వచ్చును. పెంటికలను పొడిగా ఊడ్చినచో ఆ ధూళి ఊపిరిలో చేరును గనుక, నీళ్లు చిలుకరించి, ముక్కునకు గుడ్డ కట్టుకొని తీయింపుము.

ఇక భోగిమంట మాట. పనికిరానివానిని ఆనాడు అగ్నికి అర్పించుట మన ఆచారమే. కాని పనికిరాదని తీర్పు చెప్పువాడు ముందుగా కన్నులార చూడవలెను. గంగాళములు, గుండిగలు దింపి తోమించినచో చాలును. మూలనున్న వెదురుపెట్టెలో నీ ముత్తాతగారి తాటాకు కట్టలున్నవి. ఉడుతలు అంచులు కొరికియుండవచ్చును. అంతమాత్రమున వ్రాత పోదు. తాళపత్రములలో మరుగుపడియున్న నన్నెచోడుని కుమారసంభవమును మానవల్లి రామకృష్ణకవిగారు 1909లో వెలుగులోనికి తేకున్నచో, ఆ కావ్యరసమును మనము చవిచూచియే యుండము. మన పెట్టెలో అంతటి కావ్యమున్నదని చెప్పజాలను. వైద్యపు చిట్కాలో, జాతకములో, భూముల లెక్కలో కావచ్చును. ఏవైనను చదువక కాల్చుటకు మనకు అధికారము లేదు. మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, శుభ్రమైన గుడ్డలో చుట్టి, తడి తగులని చోట నుంచుము. భోగినాటికి నేను వత్తును. ఇద్దరము కూర్చుండి ఒక్కొక్క ఆకే విప్పి చూతము.

ఈలోగా తీగల పని ముగిసినదీ లేనిదీ కార్డు వ్రాయుము. మీ అమ్మకు, నాన్నకు నా ఆశీస్సులు.

పెదనాన్న