సమ్మె పిత్రార్జితం

నియోలిబరలిజం అనగానే థాచర్, రీగన్ గుర్తొస్తారు. యూనియన్లని విరగ్గొట్టి తెచ్చారన్నది మనకి అలవాటైన కథ. ఆస్ట్రేలియాలో మాత్రం కార్మికోద్యమం చేతుల మీదుగానే వచ్చిందంటుంది ఎలిజబెత్ హంఫ్రీస్, ‘హౌ లేబర్ బిల్ట్ నియోలిబరలిజం’ పుస్తకంలో.

1983లో లేబర్ పార్టీ, యూనియన్ల సమాఖ్య ఏసీటీయూ కలిసి ‘అకార్డ్’ అనే ఒప్పందం చేసుకున్నాయి. ఆ ఏడే ప్రధాని అయిన బాబ్ హాక్ అంతకుముందు ఆ సమాఖ్యకే అధ్యక్షుడు. జీతాల విషయంలో తగ్గి ఉంటామని యూనియన్లు మాటిచ్చాయి. బదులుగా 1984లో అందరికీ వైద్యం అందించే మెడికేర్ వచ్చింది. అదే ప్రభుత్వం డాలర్‌ని మార్కెట్‌కి వదిలేసింది. నిజవేతనాలు పడిపోయాయి. మాట వినని బిల్డర్స్ లేబరర్స్ ఫెడరేషన్ గుర్తింపు 1986లో రద్దయింది.

దీన్ని ద్రోహం అనేయడం తేలిక. నేననను. జబ్బు చేస్తే వైద్యం దొరకడం చిన్న లాభమేం కాదు. కానీ యూనియన్ ఏది ఇచ్చేయొచ్చు, ఏది ఇవ్వకూడదు? జీతం స్వార్జితం. ఇవాళ వదులుకుంటే రేపు అడిగి తెచ్చుకోవచ్చు. పని ఆపగలిగే సత్తా పిత్రార్జితం. ముందు తరాలు కూడబెట్టింది, వచ్చేవాళ్ళకీ అందులో వాటా ఉంది. వాడకపోతే అది తరిగిపోతుంది కూడా. 1986లో ఉద్యోగుల్లో 46 శాతం యూనియన్ సభ్యులు; 1996లో 31 శాతం.

పోరాడినా బ్రిటన్ గని కార్మికుల్లా ఓడిపోయేవాళ్ళేగా అనొచ్చు. కావచ్చు. ఓడినవాళ్ళకి ఎవరితో కొట్లాడారో తెలుసు. ఇక్కడ కార్మికుడి జీతానికి అడ్డుపడింది అతను చందా కట్టిన యూనియనే. అతని పిల్లలు మళ్ళీ ఆ గడప ఎందుకు తొక్కుతారు?