చూచువారి పాలు

వయసు మీరినవారు పిల్లల పుస్తకములు చదువుట హాస్యాస్పదమని మా సహోపాధ్యాయులలో నొకరి యభిప్రాయము. అట్టి పుస్తకమునే రెండుమారులు చదువుట మరింత హాస్యాస్పదము కావలెను. అయినను మేమా పని చేసితిమి, చేసి సిగ్గుపడితిమి. ఆ సిగ్గు మా వయసునుబట్టి కలిగినది కాదు. దాని కారణమును చదువరుల యెదుట నుంచుటకే యీ వ్యాసము.

ఆ గ్రంథము సుజాన్ కాలిన్స్ అను అమెరికా రచయిత్రి 2008వ సంవత్సరమున ప్రకటించిన 'ది హంగర్ గేమ్స్'. తెలుగున 'ఆకలి యాటలు' అనవచ్చును. 2009, 2010 సంవత్సరములలో దీని కథనే కొనసాగించు రెండు సంపుటములు వెలువడినవి గాని, మా ప్రసంగము మొదటిదానితోనే. ఉత్తర అమెరికా శిథిలములపై వెలసిన పానెం అను దేశమున కాపిటల్ అను రాజధానియు, దానికి బొగ్గును, ధాన్యమును, చేపలను, వస్త్రములను సమకూర్చు పండ్రెండు మండలములును గలవు. పూర్వమొకప్పుడు మండలములు తిరుగబడగా పదుమూడవది నాశనము చేయబడెను. ఆ తిరుగుబాటునకు శిక్షగా, ఏటేట ప్రతి మండలమునుండియు 12 మొదలు 18 సంవత్సరముల వయసుగల బాలు నొకనిని, బాలిక నొకతెను చీట్లు తీసి యెన్నుదురు. ఈ 24 మందిని ఒక విశాలమైన బయలునందు విడిచెదరు. ఒక్కరు మిగులువరకు వారు ఒకరినొకరు చంపుకొనవలెను. దేశమెల్ల దానిని టెలివిజనులో చూచి తీరవలెను. 74వ యాటలకు చీటి తీసినపుడు పండ్రెండేండ్ల ప్రిమ్ పేరు వచ్చును. పదునారేండ్ల యక్క కాట్నిస్ చెల్లెలికి బదులు తాను పోయెదనని ముందునకు వచ్చును. కథ చెప్పునది ఈ కాట్నిసే.

మొదటిమారు దీనిని మా కుమార్తె పుస్తకములలో చూచి, రాత్రి భోజనానంతరము ఊరక పుటలు త్రిప్పుదమని తీసికొంటిమి. తెల్లవారుజామున పాలవాడు పిలుచునప్పటికి ముగించితిమి. మరునాడు పాఠమెట్లు చెప్పితిమో మా విద్యార్థులే యెరుగుదురు. ఇటీవల ఎనిమిదవ తరగతి బాలుడొకడు పాఠశాల గ్రంథాలయమునుండి ఆ పుస్తకమును తీసికొనుటకు అనుమతి కోరెను. పిల్లలు పిల్లలను చంపు కథను పిల్లవాని చేతికిచ్చుటకు ముందు మరియొకమారు చూచుట మా విధియని తలచి, ఈమారు పెన్సిలు చేతబట్టి పగటిపూట చదువ నారంభించితిమి.

కథ తెలిసియుండుటచేత తొందర లేదు. తొందర లేకపోవుటచేతనే కొన్ని కనబడినవి. కాట్నిస్ చెట్టుపై చిక్కుకొన్న ఘట్టమొకటి యున్నది. క్రింద ఆమెను చంపదలచిన బాలబాలికలు గుంపుగా నిదురించుచుందురు. ఆమె తలపై కొమ్మకు విషపుటీగల పట్టు వ్రేలాడుచుండును. ఆమె కత్తితో ఆ కొమ్మను కోయుచుండును. మొదటిమారు ఈ పుటలయొద్ద మేము 'త్వరగా, త్వరగా' యని పైకే యంటిమని మా గృహిణి చెప్పినది. పట్టు పడును, ఇద్దరు బాలికలు చత్తురు. అందొకతె పేరు గ్లిమ్మర్. ఆమె శరీరము గుర్తుపట్టరాకుండ వాచిపోయియుండగా కాట్నిస్ ఆమెనుండి విల్లును లాగికొనును. అప్పుడు మా దృష్టియంతయు విల్లుపై నుండెను. అది దొరికెనని సంతసించితిమి. ఈమారు ఆ వాచిన దేహమునొద్ద ఆగితిమి. ఆ పిల్ల మా పదియవ తరగతి బాలికల యీడుది.

అంతట నొక కాగితము తీసి, హాజరుపట్టీ వ్రాసినట్లు 24 మంది పేర్లును వ్రాయబోయితిమి. ఇరువది యేండ్లుగా దినదినము పేర్లు పిలుచు వృత్తిలోనున్నవారమగుట నది మాకు తేలిక కావలెను. పుస్తకమెల్ల వెదకినను పది పేర్లయినను రాలేదు. పెక్కండ్రు మండలపు సంఖ్యతోనే మిగిలిరి. ఒక బాలిక 'నక్కమొగముది' యని కథానాయిక పెట్టిన మారుపేరుతో వచ్చి ఆ పేరుతోనే పోయెను. మొదటి దినముననే పదునొకండుగురు చత్తురు. వారికై పదునొకమారులు ఫిరంగి మ్రోగును. ఆ మ్రోతలను మేము మునుపు లెక్కగా వింటిమి. ఇరువదినాలుగునుండి తీసివేసి, పదుమూడుగురు మిగిలిరని పుట త్రిప్పితిమి. వారికి పేర్లు లేవని యైనను మాకు తోచలేదు.

రచయిత్రి మాకు మరియొక సౌకర్యమును గూడ కల్పించినది. కాట్నిస్ హత్యలు చేయును గాని, మనకు ప్రియమైన వారినెవ్వరిని చంపవలసిన యవసరము ఆమెకు రాదు. చెల్లెలివలె నుండు రూ అను పండ్రెండేండ్ల పిల్లను మరియొకడు ఈటెతో పొడుచును; వానిని కాట్నిస్ తత్‌క్షణమే బాణముతో కొట్టును. ఒకమారు తన్ను చంపక విడిచిన థ్రెష్ ఆమె చేతిలో చావడు. నక్కమొగముపిల్ల పీటా తెలియక కోసిన విషఫలములు తిని చచ్చును. కట్టకడపట కేటో మృగములచేత చీల్చబడుచు వేడుకొనగా, ఆమె విడుచు బాణము దయయే యగును. ఆతతాయిని చంపుట దోషము కాదని మనుస్మృతి చెప్పుచున్నది; ఆ లెక్కను కథానాయిక చేతులు శుభ్రముగానే యున్నవి. అయితే ఆ పిల్లలను ఆతతాయులుగా చేసినవారెవరు? వారిని అట్లు చేసినవారు ఆ బయలునందు లేరు; మెత్తని యాసనములపై కూర్చుండి చూచుచున్నారు. ఈ యేర్పాటు గ్రంథమునకు లోపమని కొంతసేపు తలచితిమి, చూచువాని మనసును పట్టి యిచ్చుటకై పన్నిన ఉపాయమని మరికొంతసేపు తలచితిమి. మా యభిప్రాయ మింకను స్థిరపడలేదు.

ఏకచక్రపురమున బకాసురునకు వంతుచొప్పున బండెడన్నమును, రెండు దున్నలను, ఒక మనుష్యుని పంపు కథ మనకు క్రొత్తది కాదు. కాలిన్స్ తనకు ప్రేరణగా చెప్పినది గ్రీకుల కథ. ఏథెన్సువారు ఏడుగురు బాలురను, ఏడుగురు కన్యలను క్రీటు ద్వీపములోని వృషభముఖునకు పంపుట. టెలివిజనులో నొకచోట పోటీల వినోదమును, ఒకచోట ఇరాక్ యుద్ధమును మార్చి మార్చి చూచుచుండగా ఆ రెండును తన మనసులో కలిసిపోయినవనియు నామె చెప్పియున్నది. మా మనసు మాత్రము ఏకచక్రపురమునకే పోయెను. చిన్నతనమున హరికథలో బకవధ వినునపుడు, భీముడు ఆ యన్నపురాశిని తానే కబళించు ఘట్టమునకై కాచుకొనియుండెడివారము. పందిరియంతయు నవ్వెడిది. భీమునికి ముందు ఎన్ని బండ్లు పోయెనో, వానితో నెవరు పోయిరో ఎవరును అడుగలేదు. వ్యాసభారతమున ఆ యింటి బ్రాహ్మణుడు దుఃఖించుచు, మనుష్యుని కొని పంపుటకు తనయొద్ద ధనము లేదనును. సంస్కృతము చదువుకొన్నవారమై యుండియు మేమా మాటను ఎన్నిమారులు దాటిపోతిమో! ధనమున్నవాడు కొని పంపవచ్చునన్నమాట. వంతు అందరికిని ఒక్కటే. వంతునుండి తప్పుకొను దారి మాత్రము కొందరికే.

ఆంగ్ల గ్రంథమున మమ్ము మిక్కిలి కలతపెట్టినది గూడ నిట్టి లెక్కయే. మొదటిమారు ఒక్క నిమేషములో చదివి విడిచితిమి. పండ్రెండవ యేట ప్రతివారి పేరును ఒక చీటిపై చేరును. ఏటేట నొక్కటి పెరుగును. బీదవారు టెస్సెరా యను పేర, ఒక మనిషికి ఏడాదికి చాలీచాలని ధాన్యమును, నూనెను పొంది, అందులకు బదులుగా తమ పేరు మరియొక చీటిపై వ్రాయించుకొనవచ్చును. ఇంట నెందరున్న అన్ని చీట్లు. అవియు ఏటేట పేరుకొనును. కాట్నిస్ తనకు, తల్లికి, చెల్లెలికి తీసికొనును; ఏటికి నాలుగు చొప్పున ఐదేండ్లకు ఇరువది. ఆమె చెలికాడు గేల్ ఐదుగురికై తీసికొనును. ఏటికి ఆరు, ఏడేండ్లకు నలువదిరెండు. ఐదవ తరగతి బాలుడు చేయగల లెక్క. నగరాధ్యక్షుని కుమార్తెకు ఆ యవసరము లేదు. చీటి తీయు చేయి ఎవరి ముఖమును చూడదు. పక్షపాతము గాజుపాత్రలో ముందుగనే నింపబడియున్నది. ఇంత లెక్కయు చెప్పి, రచయిత్రి ఒకేయొక చీటి గల ప్రిమ్ పేరు వచ్చునట్లు చేసినది. నలువదిరెండు చీట్లవాని పేరే వచ్చియుండినచో ఎవరికిని ఆశ్చర్యము కలిగియుండదు. బహుశః కథయు పుట్టియుండదు.

ఆ చీటి తీయునది ఎఫీ ట్రింకెట్ అను కాపిటల్ స్త్రీ. క్రూరురాలు కాదు. గులాబిరంగు జుట్టుతో, ఉత్సాహముతో, మర్యాదతో తన పని చేయును. కాట్నిస్‌ను అలంకరించు ముగ్గురు పరిచారకులును అట్టివారే, మంచివారు, ముచ్చటలాడువారు. చావునకు పోవు పిల్ల కనుబొమలు తీర్చిదిద్దుటలో వారికెట్టి దోషమును తోపదు. దుష్టుడైన దేశాధ్యక్షునికంటె వీరే మమ్ము భయపెట్టిరి. వీరిని ఎక్కడనో చూచియుంటిమి.

కాట్నిస్ చెల్లెలికి మారుగా నిలిచినపుడు ఎఫీ చప్పట్లు కొట్టుడనును. పండ్రెండవ మండలమువారొక్కరును కొట్టరు. ఎడమచేతి నడిమి మూడు వ్రేళ్లను పెదవులకు తాకించి ఆమెవైపు చాతురు. ఈ సంజ్ఞను 2014లో సైనికులు రాజ్యమును చేజిక్కించుకొన్న పిదప థాయిలాండున, 2021లో మయన్మారున జనులు వీథులలో నిజముగా చూపిరి. ఆ మౌనము చదివినపుడే మాకు మా సభ జ్ఞప్తికి వచ్చెను.

పదునాలుగేండ్ల క్రిందట, మేమప్పుడు పనిచేయుచున్న పాఠశాలలో, పదియవ తరగతి ముగించిన బాలిక కొకతెకు పైచదువునకు కావలసినదంతయు నిచ్చెదనని ఒక దాత ముందునకు వచ్చెను. ఇద్దరికి సమానముగా మార్కులు వచ్చినవి. నిర్ణయము మాకు విడిచిరి. పక్షపాతి యనిపించుకొనుట కిష్టము లేక, రెండు చీట్లు వ్రాసి, ఇత్తడి చెంబులో వేసి, ఒకటవ తరగతి పిల్లచేత తీయించితిమి. మా న్యాయబుద్ధిని అందరును మెచ్చుకొనిరి. ఒకతె తండ్రికి అంగడి కలదు. మరియొకతె మిరపకోతల దినములలో వారములకొలది బడికి రాక, వచ్చిన దినములలోనే చదివి, ఆ మార్కులు తెచ్చుకొన్నది. ఇది మేమెరుగనిది కాదు. ఆమె రాని దినములకు హాజరుపట్టీలో గుర్తులు పెట్టినది మా చేయియే. అయినను చెంబులో చీట్లు రెండే; ఒకరికొకటి.

ఇంతయు క్షంతవ్యమని యనుకొనవచ్చును. చీటిని మా చేతికిచ్చిన పిమ్మట, సభకు ఉత్కంఠ కలుగుటకై, మేము దానిని మెల్లగా విప్పితిమి. ఒక మడత విప్పి ఆగితిమి. పిల్లలవైపు చూచి నవ్వితిమి. అందరును చప్పట్లు కొట్టిరి. అంగడివాని కుమార్తె పేరు వచ్చెను. ఆమె నేడు మంచి యుద్యోగమున నున్నది. దసరాకు శుభాకాంక్షలు పంపుచుండును. రెండవపిల్ల మరునాటినుండి కానరాలేదు. మేము విచారింపలేదు.

పుస్తకమును ఎనిమిదవ తరగతి బాలునికిచ్చితిమి. మూడు దినములలో తెచ్చియిచ్చెను. ఎట్లున్నదని యడిగితిమి. 'చాల బాగున్నదండీ, రెండవ భాగమున్నదా?' యనెను. అతనిని తప్పుపట్టుటకు మాకు నోరు రాలేదు. మొదటిమారు మా కుమార్తెను మేమడిగినదియు నదియే. పేర్ల కాగితము పుస్తకములోనే యుండిపోయెను. అతడు దానిని చూచి, మేము మరచిన పేరొకటి పెన్సిలుతో చేర్చియున్నాడు.

ఆ రెండవపిల్ల పేరు మాకు గుర్తున్నది, ఇంటిపేరు గుర్తులేదు. మొన్న ఆ పాత పాఠశాలకు పోయితిమి. పూర్వపు హాజరుపట్టీలు అటకపై, విరిగిన బల్లల వెనుక నున్నవని బంట్రోతు చెప్పెను. తాళముచెవి ప్రధానోపాధ్యాయునియొద్ద నున్నదట. ఆయన సోమవారముగాని రారట.