కొలిమి దగ్గర ఎవరు కూర్చోవాలి?



పోయిన నెలలో ఒక ఆదివారం, రెండో పూజ ముగిసి అందరూ వెళ్ళిపోయాక, మా విచారణకు చెందిన ఒక పెద్దాయన గుడి అరుగు మీదే కూర్చుండిపోయారు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. "ఫాదరుగారూ, మా అబ్బాయికి ఫోనులో కాస్త బుద్ధి చెప్పండి" అన్నారు. ఆ అబ్బాయి అమెరికాలో కంప్యూటరు ఇంజనీరు. తాగుడు లేదు, పేకాట లేదు, ఆదివారం పూజ మానడు. మరి చేసిన నేరమేమిటి? కారు పెట్టుకునే షెడ్డులో కొలిమి పెట్టాడట. శనివారం వస్తే చాలు, ఇనుము కాల్చి కొడుతున్నాడట. ఒక కడ్డీని ఆకులాగా సాగగొట్టి, దానికి ఈనెలు దిద్ది, ఆ ఫొటో తండ్రికి పంపాడట.

మీకు నవ్వు రావచ్చు. నాకూ వచ్చింది. కాని ఆయన ముఖం చూశాక ఆ నవ్వు నిలవలేదు. ఆయన తండ్రి పల్లెలో కమ్మరి. "మా నాయన ఆ పొగలో దగ్గి దగ్గి పోయాడు ఫాదరుగారూ. ఆ కొలిమి దగ్గరనుంచి నేను లేచి రావడానికి మా అమ్మ ఉన్న ఒక్క ఆవునూ అమ్మి ఐ.టి.ఐ.లో చేర్చింది. మేము తప్పించుకున్నదాన్ని వీడు డాలర్లు పోసి కొనుక్కుంటున్నాడు. ఇది మా నాయనను ఎగతాళి చేసినట్లు కాదా?" అని అడిగారు.

అప్పటికప్పుడు నేను జవాబు చెప్పలేకపోయాను. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివినవాడిని గనుక ఏదో ఒకటి చెప్పగలనని ఆయన నమ్మకం. ఈ వ్యాసాన్ని ఆయనకు నేను పడ్డ బాకీ అనుకోండి.

ముందు ఆ అబ్బాయి చేస్తున్నదేమిటో చూద్దాం. అది అతనొక్కడికే పుట్టిన పిచ్చి కాదు. ఫ్యాక్టరీలు, ట్రాక్టర్లు వచ్చి పాశ్చాత్య దేశాల్లో పల్లెటూరి కొలుములు చాలావరకు చల్లారిపోయాక, 1973లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో కొద్దిమంది కమ్మరులు ఒకచోట చేరి, ఉత్తర అమెరికా కళా కమ్మరుల సంఘాన్ని స్థాపించారు. 1978లో బ్రిటనులోనూ అటువంటి సంఘం ఏర్పడింది. ఇటువంటి సంఘాల్లో ఆ పనితో పొట్టపోసుకునేవారితో పాటు, ఆ పనిమీద మనసుపడ్డవారు కూడా చేరుతుంటారు. వారు అప్పుడప్పుడు ఎవరి కొలిమి దగ్గరో కూడుతారు. అనుభవమున్నవాడు ఒకడు దాగలి ముందు నిలబడి కొడుతుంటే మిగిలినవారు చుట్టూ నిలిచి చూస్తారు. తాము చేసిన కొక్కేలు, ఇనుప గులాబీలు, పొయ్యి కెలికే కడ్డీలు తెచ్చి బల్లమీద పరుస్తారు. చీట్లు వేసి, చీటీ తగిలినవాడికి వస్తువునిచ్చి, వచ్చిన సొమ్మును సంఘం ఖర్చులకు వాడుకునే అలవాటు కూడా కొన్నిచోట్ల ఉంది.

నన్ను ఆకట్టుకున్నది ఆ బల్ల. దానిమీదికి చెడిపోయిన పని కూడా వస్తుంది. రెండు ఇనుప ముక్కలను పసుపు, తెలుపు కలిసిన రంగు వచ్చేదాకా కాల్చి, వెలిగారం చల్లి, ఒకదానిమీద ఒకటి పెట్టి కొడితే అతుక్కుంటాయి. మధ్యలో చిట్టెం మిగిలిపోతే పైకి అతుకులాగే కనబడుతుంది, లోపల మాత్రం విడిగానే ఉంటుంది. కాక ఇంకొంచెం ఎక్కువైతే నిప్పురవ్వలు చిమ్ముతూ ఇనుమే కాలిపోతుంది. "ఇది నేను పాడుచేశాను, ఎక్కడ తప్పానో చెప్పండి" అని పదిమంది ముందు పెట్టడానికి ఎంత ధైర్యం కావాలో పాపసంకీర్తనపు బల్లకు ఇవతల కూర్చునే నాకు కొంత తెలుసు. (జింకు పూత పూసిన గొట్టాలను కొలిమిలో పెట్టవద్దని, ఆ పొగ పీలిస్తే జ్వరం పట్టుకుంటుందని కొత్తవారిని హెచ్చరించేది కూడా ఆ బల్ల దగ్గరే. ఆ అబ్బాయికి ఆ సంగతి తెలుసునని ఆశిస్తాను.)

పునీత అక్వీనాసు తోమాసుగారు తన సుమ్మాలో ఈ విషయం గురించే ఒక చిత్రమైన మాట చెబుతారు. పనితనం మంచిచెడ్డలు చేసిన వస్తువులో ఉంటాయి గాని, చేసినవాడి ఉద్దేశంలో ఉండవట. కావాలని వంకరగా కొట్టిన కమ్మరి, చేతగాక వంకరగా కొట్టినవాడికంటే మంచి కమ్మరే. నీతి విషయంలో మాత్రం ఇది తలక్రిందులు: తెలిసి తప్పుచేసినవాడే ఎక్కువ దోషి. చదువుకునే రోజుల్లో ఇది నాకు వట్టి తర్కంగా తోచింది. ఇప్పుడు అందులో ఒక ఊరట కనబడుతోంది. ఇనుము మన కులం అడగదు, జీతం అడగదు, మంచి మనసుతోనే కొట్టానంటే వినదు. దాని ముందు ఇంజనీరూ ఒకటే, ఆయన తాతా ఒకటే.

కాని ఆ పెద్దాయన ప్రశ్న ఇంతటితో తీరదు. ఇనుము అడగకపోయినా ఊరు అడిగింది గదా! అరిస్టాటిలంతటివాడు, మంచి రాజ్యంలో పౌరులు చేతిపనివారి బ్రతుకు బ్రతకకూడదని, అది సద్గుణానికి అడ్డమని వ్రాశాడు. మనవాళ్ళకు అది చెప్పడానికి అరిస్టాటిలు అక్కరలేకపోయింది. నాగటి కర్రుకు పదును కావాలి, కొడవలికి కక్కు కావాలి, పెట్టేవాడు మాత్రం అరుగు క్రిందే నిలబడాలి. కళ్ళంలో మేర కొలిచేటప్పుడు కుంచం కాస్త తక్కువే నిండేది.

మన పవిత్ర గ్రంథం వేరే దారి పట్టింది. నిర్గమకాండం 31వ అధ్యాయంలో బేసలేలు లోహపు పనికోసమే దేవుని ఆత్మతో నింపబడ్డాడు. సమూవేలు మొదటి గ్రంథం 13వ అధ్యాయం చూడండి: ఫిలిస్తీయులు యిస్రాయేలీయుల దేశంలో ఒక్క కమ్మరిని కూడా ఉండనివ్వలేదు. గొడ్డలికి పదును పెట్టించాలన్నా శత్రువు దగ్గరికి వెళ్ళి వెల చెల్లించవలసిందే. కమ్మరి లేని జాతి ఎంత నిస్సహాయమో అక్కడ తెలుస్తుంది. ఇక సీరాపుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం 38వ అధ్యాయంలో కమ్మరి వేడికి ఒళ్ళు మాడిపోతూ, సుత్తి మోతకు చెవులు దిమ్మెక్కుతూ, చూపు మాత్రం చేస్తున్న వస్తువుమీదే నిలిపి కూర్చుని ఉంటాడు. అతనికి పెద్దల సభలో చోటుండదని అంటూనే, అతను లేకుండా ఏ పట్టణమూ నిలవదని, అతని పనే అతని ప్రార్థన అని ఆ గ్రంథకర్త ఒప్పుకుంటాడు. చిన్నతనంలో నేను ఆ అధ్యాయంలో పండితుణ్ణి పొగిడే భాగమే గుర్తుపెట్టుకున్నాను. అక్కడ నన్నే పొగిడారనుకున్నాను కాబోలు. నజరేతువారు క్రీస్తునాథుణ్ణి "ఈయన వడ్రంగి గదా" అని తీసిపారేసినప్పుడు ఆ మాటలో ఉన్న కుళ్ళు ఏమిటో మన పెద్దాయనకు వేరే చెప్పనక్కరలేదు.

రెండవ జాన్ పౌలు పోపుగారు యువకుడిగా పోలెండులో సున్నపురాతి క్వారీలో, తరువాత రసాయనాల ఫ్యాక్టరీలో కూలిపని చేసినవారు. 1981లో వెలువరించిన "లబోరెం ఎక్సెర్చెన్స్" అనే విశ్వలేఖలో, పనికి విలువ ముందుగా వచ్చేది చేసిన వస్తువునుండి కాదు, చేసే మనిషినుండి అని బోధించారు. అక్వీనాసుగారి మాటకు ఇది ఎదురు కాదు. వస్తువు బాగుందో లేదో దాగలి చెబుతుంది. చేసినవాడు మనిషిగా చూడబడ్డాడో లేదో మనం చెప్పాలి.

అందుచేత నాకు తోచేది ఇది. తాతగారి బ్రతుకులోని చేదంతా నిప్పులోనిది కాదు. ఆ పని మానేందుకు వీలులేకపోవడం, చేసినదానికి సరైన కూలి రాకపోవడం, చేసేవాణ్ణి చిన్నచూపు చూడడం, ఈ మూడింటినీ తీసివేసి చూస్తే పనిలో ఎంత తీపి మిగులుతుందో మనవడు షెడ్డులో రుచి చూస్తున్నాడు. పొగా శ్రమా నిజంగా ఉన్నవే, కాదనను. కాని మనవడు చెయ్యి నొప్పెడితే సుత్తి దించగలడు. అతనిది ఎగతాళి కాదు, అయితే తాతగారికి దక్కని ఆ వెసులుబాటు తన గొప్పతనమని అనుకుంటే మాత్రం తప్పే. చల్లని గదుల్లో కూర్చుని "ప్రతి పనీ ప్రార్థనే" అని ప్రసంగించే మనబోటివారిది అంతకన్నా పెద్ద తప్పు.

నిజామాబాదు జిల్లాలో కోనసముద్రం అనే ఊరుంది. అక్కడ మూసల్లో కరిగించిన ఉక్కుకోసం ఇరాను దేశపు వర్తకులు అంత దూరంనుంచి వచ్చేవారు. డమాస్కసు కత్తులుగా పేరుపడినవి అటువంటి ఉక్కుతో చేసినవే. వాయిసీ అనే ఆంగ్లేయుడు అక్కడి పద్ధతిని వ్రాసిపెట్టగా 1832లో అచ్చయింది. క్రమంగా ఆ విద్య మరుగున పడింది. దాన్ని తిరిగి పట్టుకోవాలని ఏళ్ళతరబడి మూసలు పగలగొట్టుకున్నవాడు ఫ్లోరిడాలో గుర్రాలకు లాడాలు కొట్టే పెండ్రే. వర్‌హోవెన్ అనే ప్రొఫెసరుతో కలిసి, ఖనిజంలో అణుమాత్రంగా ఉండే వెనేడియం వంటి లోహాలవల్లనే ఆ కత్తులమీద అలల గీతలు వస్తాయని 1998లో తేల్చాడు. పెండ్రే 2017లో మరణించాడు. ఆయన పేరు మనకు తెలుసు. కోనసముద్రంలో తిత్తి ఊదినవారి పేర్లు నా పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా లేవు.

ఇదంతా వ్రాస్తుంటే నాదే ఒక సంగతి గుర్తుకొచ్చి కలం ఆగింది. కొన్నేళ్ళ క్రితం మరియమాత గుహకు ఇనుప గ్రిల్లు చేయించాను. వెల్డింగు పనివాడు చెప్పిన ధరలో బేరమాడి పదిహేనువందలు తగ్గించాను. విచారణ సొమ్ము ఆదాచేశానని సంబరపడ్డాను కూడా. అతను ముఖానికి కవచం లేకుండా మామూలు నల్ల కళ్ళద్దాలతోనే పనిచేశాడు. మరునాడు కళ్ళు వాచి, నీళ్ళు కారుతూ వచ్చి మిగిలిన తీగలు అతికాడు. గ్రిల్లుమీద ద్రాక్షతీగ దిద్దమని నేను చెప్పలేదు, అతనే దిద్దాడు. ప్రారంభించిన రోజున చందా ఇచ్చినవారి పేర్లు చలువరాతిమీద చెక్కించాను. అతన్ని భోజనానికి పిలవాలని కూడా తోచలేదు. అతను మన విశ్వాసి కాదు, ఊరు కూడా మారిపోయాడు. ఎక్కడున్నాడో వాకబు చేస్తున్నాను.

పోయిన ఆదివారం ఆ పెద్దాయన మళ్ళీ వచ్చారు. అమెరికానుంచి వచ్చిన చుట్టాలతో కొడుకు ఒక ఇనుప కొక్కెం పంపాడట. సంచిలోంచి తీసి చూపించారు. నేను బాగుందన్నాను. ఆయన వెలుతురులోకి వెళ్ళి బొటనవేలితో దాని మెలిక మీద రాసి చూసి, "ఏం బాగు? కాక దిగిపోయాక కూడా కొట్టాడు. ఇదిగో, సన్నగా బీట. మా నాయన చూస్తే ఊరుకునేవాడా?" అన్నారు.

ఆ మాట అబ్బాయితో చెప్పారా అని అడిగాను.

"ఇప్పుడక్కడ రాత్రి ఫాదరుగారూ, సాయంత్రం చెబుతాను" అని కొక్కేన్ని రుమాలులో చుట్టి సంచిలో పెట్టుకున్నారు.