తలుపు నొద్ద నిలుచు పెండ్లికుమారుడు

ధ్యాన భాగములు: ద్వితీయోపదేశ. 24:10–11, 1 కొరింథీ. 7:1–6, ఎఫెసీ. 5:25–33



గత మాసములో ఒక గృహకూటము ముగిసిన పిమ్మట అరుగు మీద కూర్చుండియుండగా, సంఘపెద్ద యొకరు మమ్మును ఇట్లడిగెను: "అయ్యగారూ, భార్యకు ఇష్టము లేకుండా బలవంతము చేసిన మొగుణ్ణి జైల్లో పెట్టాలని కొందరు కోర్టు కెక్కారట. పెండ్లాడిన భార్య మీద భర్తకు హక్కు లేదా? ఇదెక్కడి న్యాయమండీ?" పురుషులు నవ్విరి. గడప లోపల చాపలు చుట్టుచున్న స్త్రీలు మాత్రము నవ్వలేదు. వారి మౌనము మమ్మును ఇంటివరకు వెంబడించెను. ఆ రాత్రి మేము జవాబు చెప్పలేకపోతిమి. ఇప్పుడు చెప్ప ప్రయత్నింతుము.

మొదట చట్టము సంగతి. స్త్రీ సమ్మతి లేక ఆమెను కూడుట ఘోరమైన నేరమని 1860 నాటి శిక్షాస్మృతి చెప్పెను. అయితే ఆ పని చేసినవాడు ఆమె భర్తయైనచో అది ఆ నేరము కాదని ఒక మినహాయింపు పెట్టెను. అప్పుడు భార్యకు ఉండవలసిన వయస్సు పదియేండ్లు మాత్రమే. 1890లో కలకత్తాలో ఫూల్‌మణి అను బాలిక భర్త వలన మరణించగా, ఆమె పదియేండ్లు దాటినదని అతనిపై ఆ నేరము మోపలేక, చిన్న నేరము క్రింద ఒక సంవత్సరము శిక్ష విధించిరి. మరుసటి సంవత్సరము ఆ వయస్సును 12కు పెంచిరి. తరువాత అది 15 అయ్యెను. 2017లో సుప్రీంకోర్టు 18 చేసెను. 2013లో జస్టిస్ వర్మ సంఘము మినహాయింపునే తీసివేయుమని సలహా ఇచ్చెను. 2022 మే 11న ఢిల్లీ హైకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులలో ఒకరు దానిని కొట్టివేయగా మరియొకరు నిలిపిరి. అయినను 2024 జూలై 1న అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షనులో దానిని అట్లే ఉంచిరి.

ఈ మినహాయింపు ఎక్కడనుండి వచ్చెను? 1676లో చనిపోయిన సర్ మాథ్యూ హేల్ అను ఆంగ్ల న్యాయాధిపతి తన గ్రంథములో, వివాహమందు భార్య తన్ను తాను ఒక్కసారి ఇచ్చివేసెను గనుక ఇక వెనుకకు తీసికొనజాలదని వ్రాసెను. ఆయన భక్తిపరుడని పేరుపొందినవాడు. అయినను 1662లో ఇద్దరు విధవరాండ్రు మంత్రగత్తెలని ఆయన న్యాయస్థానములోనే మరణశిక్ష పొందిరి. భక్తిగలవాడు సహితము గ్రుడ్డివాడు కాగలడు. ఇంగ్లండు ప్రభువుల సభ 1991లో ఆ సిద్ధాంతమును త్రోసివేసెను. వారు పారవేసిన దానిని మనము వాక్యానుసారమని పట్టుకొనియుండవలెనా?

"పౌలు చెప్పలేదా? భార్య దేహము మీద అధికారము భర్తదే గదా?" అందురు. చెప్పెను. కాని అదే వచనములో భర్త దేహము మీద అధికారము భార్యదని కూడ చెప్పెను.  అంతేకాదు, ప్రార్థన కొరకు ఎడబాటుగా ఉండుటకు సహితము ఉభయుల సమ్మతి కావలెనని ఆ తరువాతి వచనములో వ్రాసెను. ఎడబాటుకే ఇద్దరి సమ్మతి కావలసియుండగా, కూడికకు ఒక్కని ఇష్టము చాలునా?

ఇంకొక సంగతి గమనించుడి. పౌలు దాంపత్య ధర్మమును ఋణముతో పోల్చెను. అయితే ఆ మాట ఎవరితో చెప్పెను? చెల్లింపవలసిన వానితో చెప్పెను గాని వసూలు చేయువానితో కాదు. అప్పు వసూలు విషయమై ధర్మశాస్త్రము ఏమి చెప్పుచున్నది? అప్పిచ్చినవాడు తాకట్టు తెచ్చుకొనుటకు ఋణస్థుని ఇంట చొరబడకూడదు, బయటనే నిలువవలెను, ఋణస్థుడే దానిని బయటికి తేవలెను. ఒక బట్ట విషయమై బీదవాని గడపకు దేవుడు ఇంత మర్యాద ఉంచగా, పరిశుద్ధాత్మకు ఆలయమైన స్త్రీ దేహమునకు అంతకంటె తక్కువ మర్యాద ఉంచునా?

అయితే ఇది సంఘములో తీర్చుకొనవలసినదే గాని పోలీసులు ఏల అని కొందరందురు. కొరింథులో సహోదరులు వ్యాజ్యెములాడుట పౌలు గద్దించినది నిజమే. కాని కీడు చేయువానిని శిక్షించుటకు అధికారి దేవుని సేవకుడని రోమా పత్రికలో వ్రాసినవాడును ఆయనే. భర్త భార్య చేయి విరిచిన యెడల అది నేరమని ఒప్పుకొందుము. ఆమె ఆత్మను విరుచు బలాత్కారమును మాత్రము ఇంటిగుట్టు అనుచున్నాము.

అబద్ధపు కేసులు రావా? రావచ్చును. అబద్ధసాక్ష్యము కూడ పాపమే. పడకగదిలో సాక్షులుండరు, రుజువు కష్టము. ఈ సంశయములను మేము తేలికగా త్రోసివేయము. అయితే రుజువు కష్టమైనంత మాత్రమున తప్పు తప్పు కాకపోదు. కేకవేసినను రక్షించువారు లేని పొలములోని స్త్రీని గూర్చి ధర్మశాస్త్రము చెప్పునప్పుడు, సాక్షులు లేరని ఆమెను త్రోసివేయలేదు. అది నరహత్యవంటిదని తీర్పు చెప్పెను.

మమ్మును నిజముగా కలతపెట్టు ప్రశ్న మరియొకటి కలదు. ఈ నేరమునకు శిక్ష పదియేండ్లకు తక్కువ కాదు. భర్త కూలితో బ్రదుకు ఇల్లాలు అతనిని చెరసాలకు పంపి పిల్లలకు ఏమి పెట్టును? కాబట్టి ఖడ్గము ఒక్కటే చాలదు. 2005 నాటి గృహహింస చట్టము లైంగిక హింసను పేర్కొని, భర్తను జైలుకు పంపకయే భార్యకు రక్షణయు, ఇంట నివసించు హక్కును, పోషణయు ఇప్పించు మార్గము చూపెను. అనేకులకు ముందుగా కావలసినది అదియే. అయినను, ఇది నేరము కాదని వ్రాసిన చట్టము అబద్ధమాడుచున్నదని మేము నమ్ముచున్నాము. హృదయ కాఠిన్యమునుబట్టియే మోషే కొన్ని కట్టడలు వ్రాసెనని ప్రభువు చెప్పెను. హృదయములు కఠినముగా ఉన్నంత కాలము బలహీనులకు కట్టడ అవసరమే.

ఇక మా ఒప్పుకోలు. మా మొదటి సంఘములో ఒక సహోదరి చీకటిపడిన తరువాత మా ఇంటికి వచ్చి, అమ్మగారి ప్రక్కన కూర్చుండి, ఏడ్చుచు తన బాధ చెప్పెను. ప్రసవమై నెల తిరుగకుండగనే భర్త ఆమెను విడువలేదు. మేము లోబడుటను గూర్చిన వాక్యము చదివి, ప్రార్థన చేసి, ఆమెను అదే రాత్రి తిరిగి పంపితిమి. గడప దాటుచు ఆమె ఇట్లనెను: "అయ్యగారూ, నాకు చదివారు. ఆయనకెవరు చదువుతారు?" మేము ఆయనకు చదువలేదు. ఆయన కానుకలు తప్పక ఇచ్చువాడు. కొన్ని నెలలకు ఆమె సంస్కారపు బల్లకు రాకపోయెను. మేము ఆమె విశ్వాసము చల్లారెనని తలంచితిమి. చల్లారినది మా కాపరితనమే.

ఆ పాపమునకు ఫలముగా మేము కొన్ని తీర్మానములు చేసికొంటిమి. వివాహమునకు ముందు వరుని ఎదుట కొరింథీ పత్రిక ఏడవ అధ్యాయమును సగము కాక పూర్తిగా చదువుదుము. ఇట్టి మొరతో వచ్చిన స్త్రీని ఆ రాత్రి తిరిగి పంపము. ఆమె కోరిన యెడల 181 నంబరుకు మేమే ఫోను చేసి, అధికారుల యొద్దకు తోడుగా వెళ్లుదుము. పెద్దలారా, మీరును ఆలోచించుడి.

వివాహ దినమున సంఘము ఎదుట వధువును అడిగి, ఆమె నోట "అవును" అని వినిన పిమ్మటనే మేము ఆశీర్వదించుచున్నాము. ఆ "అవును" ఆ దినముతో ఆమె నోటిని మూసివేయుటకు ఇచ్చినది కాదు. సంఘమునకు పెండ్లికుమారుడైన క్రీస్తు సమస్తముపై అధికారము గలవాడు. అయినను లవొదికయ సంఘపు తలుపును ఆయన పగులగొట్టలేదు. బయట నిలిచి తట్టుచున్నాడు. లోపలివారు తీసినప్పుడే ప్రవేశించును. ఆయనవలె ప్రేమింపుమనియే భర్తలకు ఆజ్ఞ కలదు.

ప్రభువా, మా ఇండ్లలో మౌనముగా ఉన్నవారి మొర విను చెవిని మాకు దయచేయుము. ఆమేన్.