చాలినంత

నల్లమాడ వంటి మెట్టసీమలో వేరుసెనగ విత్తు రైతు వాన పదునుకై కాచుకొనియుండును. పదును దొరకిన నాడు, గట్టు తెగినదనియో, చేనిలో రాళ్లు మిగిలినవనియో ఆగినచో రెండెండలకే నేల గట్టిపడును. సాలు కొంత వంకరపోయినను అతడు గొర్రు కట్టును.

పొలమున ఇంత వివేకము గలవాడే ఇంట వేరు మనిషియగుట వింత. వేకువనే లేచి, లింగపూజ ముగించి, ఇంటి పద్దు వ్రాసి పనికి పోవలెనని నియమము పెట్టుకొనును. ఒకనాడు గడియ ఆలస్యమైనచో, "నేటికి నియమము చెడినది, రేపు చూతము" అని పూజను, పద్దును రెంటిని విడుచును. ఆ రేపు సోమవారమగును, సోమవారము ఉగాదియగును!

12వ శతాబ్దమున కల్యాణమందు ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యపుగింజల నేరుటయే కాయకముగా గ్రహించెను. ఒకనాడతడు హెచ్చుగా తేగా, ఇల్లాలు లక్కమ్మ చాలినంత ఉంచి తక్కినది మరలించుమనెనని శరణుల కథ. దీనిని ధనాశకే అన్వయించుట వాడుక. లోపమెరుగని దినచర్యను కోరుటయు ఆశయే కాదా? అది భక్తివలె కనబడును గనుక మరింత మోసకారి. అందు లింగముకన్న నియమము, నియమముకన్న "నేను తప్పనివాడను" అను తలపు పెద్దవగును.

ఇది సోమరికి సాకు కాదా యందురు. సోమరి పనినే మానును. ఇతడు మానవలసినది పంతమును మాత్రమే. ఇష్టలింగము అరచేతిలోనిదే, గుడి తలుపు తెరచు వేళతో పనిలేదు. ఆలస్యముగా లేచినవాడు ఆ వేళకే కూర్చుండవచ్చును. పద్దుపుస్తకమున మూడు దినములు ఖాళీగా నున్నను, నాల్గవనాటి ఖర్చు వ్రాయవచ్చును.