దిద్దిన పటము



ఏబది నాలుగేండ్ల వయస్సున నేనొక క్రొత్త విద్య నేర్చుకొనుచున్నాను. మా సంఘ చరిత్ర పుస్తకము కొరకు బోధను చుట్టుప్రక్కల గ్రామములలోని పాత ఫోటోలను సేకరించి, వాటిని చేతిఫోనులో బాగుచేయుటయే ఆ విద్య. నిజామాబాదులో స్టూడియో నడుపు ఒక యువకుడు నాకు గురువు. “అయ్యగారూ, ముందుగాల అసలు ఫోటోకు ఒక కాపీ తీసి పక్కకు పెట్టుండ్రి. గా కాపీ మీదనే పని చేయుండ్రి” అని అతడు మొదటి దినమే చెప్పెను. నేను తల యూపితినిగాని పాటింపలేదు.

నాకు మిక్కిలి ప్రీతియైన పని నీడలను తేటపరచుట. వేపచెట్టు క్రింద తీసిన పెండ్లి ఫోటో ఒకటి నాయొద్ద కలదు. స్త్రీల ముఖములన్నియు నల్లగా ఉండెను. నీడను కొంచెము తగ్గించగా, గుంజ వెనుక నిలిచిన ఒక చిన్న పిల్ల బయటపడినది! ఆ పిల్లను నేను పుట్టించలేదు. వెలుగు ఆనాడే ఆమెను వ్రాసికొన్నది, మన కన్ను చూడలేదు, అంతే. వెలుగు బొత్తిగా సోకని చోట ఎంత లాగినను బొమ్మ రాదు, బూడిదవంటి చుక్కలే వచ్చును. అంచులు కత్తిరించుట, వంకర సరిచేయుట వంటివి ఒక పూటలో వచ్చు పనులు.

మచ్చలు చెరుపు పని వేరు. మచ్చమీద వ్రేలితో రుద్దిన అది మాయమగును. అయితే దాని క్రింద ఏమున్నదో యంత్రమెరుగదు. ప్రక్కనున్న చర్మమునో గోడనో చూచి, అటువంటిదే అల్లి అచ్చట అతికించును. ఇది నేటి వింత కాదు. సికిందరాబాదులో స్టూడియో పెట్టిన రాజా దీన్ దయాళ్ (1844–1905) కాలమునాటికే, గాజు నెగెటివు మీద సన్నని పెన్సిలుతో గీచి ముడుతలు మాన్పు పద్ధతి లోకములో ఉండెను. ముడుత నెగెటివులో తేటగా కనబడును, దానిని పెన్సిలు పొడి కప్పినయెడల అచ్చులో తెల్లబడును.

ఇక నా తప్పు చెప్పెదను. చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడక ముందు శక్కర్‌నగర్‌లో తీయించుకొన్న ఒక కుటుంబపు ఫోటో. తల్లి, ఇద్దరు కుమారులు, వెనుక సున్నము కొట్టిన గోడ. అరయెకరము చెరకు చేను విషయమై అన్నదమ్ములు విడిపోయిరి. “గాయన మా ఇంట్ల మనిషే కాదు. పుస్తకంల ఎందుకయ్యగారూ? తీసెయ్యుండ్రి” అని చిన్నవాడు కోరెను. నిజము చెప్పవలెనన్న, అతని కోరికకంటె నా వ్రేలి నేర్పు చూచుకొనవలెనన్న ఉబలాటమే నన్ను లాగినది. తెల్లగోడ గనుక మూడు నిమిషములలో మనిషి పోయెను. మార్చినదానినే పాతదానిపై భద్రపరచితిని. ఆ కాగితపు ఫోటో అప్పటికే వానకు కప్పు కారి ముద్దయైపోయి యుండెను.

తల్లికి చూపితిని. ఆమె చాలసేపు చూచి తన భుజముమీద వ్రేలుంచి, “గీ వేళ్లు నా పెద్దోనియి. మనిషి ఏడయ్యా?” అనెను. ఆ నాలుగు వ్రేళ్లను నేను చూడనే లేదు.

సోవియట్ రష్యాలో యెజోవ్ అను అధికారిని 1940లో చంపించిన పిమ్మట, స్టాలిను ప్రక్కన కాలువగట్టున అతడున్న ఫోటోలో అతని చోట నీళ్లు దిద్దిరి. ఆ సంగతి చదివి, ఎంత దుర్మార్గమని నేను అనుకొన్నవాడనే.

అట్లయిన దిద్దుట అంతయు అబద్ధసాక్ష్యమేనా అని మీరడుగవచ్చును. చనిపోయిన తండ్రికి స్టూడియోలో కోటు, టై తొడిగించి గోడకు వ్రేలాడదీసిన ఇండ్లు మనలో ఎన్ని లేవు! ఆయన ఎన్నడును కోటు తొడగలేదని ఊరంతయు ఎరుగును. అందులో మోసపోవువాడు లేడు గనుక నేను దానిని తప్పుపట్టను. చరిత్ర పుస్తకములో మాత్రము వేయను, యాబదేండ్ల తరువాత చూచువాడు ఆ సంగతి ఎరుగడు గదా. ముఖమును మరల కనబడజేయుట ఒకటి, ఉన్న మనిషి ఉండలేదనుట మరియొకటి. కోటు ఈ రెంటికి నడుమ ఎక్కడనో నిలుచును. అందరికిని సరిపడు గీత నేను గీయలేను.

పెద్దవాడు దుబాయిలో ఉన్నాడని తెలిసికొని ఫోను చేసితిని. ఆ ఫోటోకు ఇంకొక ప్రతి అతని పెట్టెలో ఉన్నదట. “తమ్ముడు అడిగితే పంపుత” అనెను. ఆ మాట తమ్మునికి చెప్పి నేటికి పదునొకండు దినములైనది.